పిక్క మీద రెండు తట్లు

రంగులు వేసేవాళ్లందరూ అతన్ని అంచుల మేస్త్రి అనేవారు. రెండు రంగులు కలిసే చోట అతను గీసిన గీత వెంట్రుకవాసి కూడా పక్కకు పోయేది కాదు. అతని జతగాణ్ని నిదానం అనేవారు. అన్నం తినడానికి గంట, చెప్పులు తొడుక్కోవడానికి అరగంట. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటూ ఇద్దరూ పదిహేడేళ్లు ఒకే పరంజా మీద పనిచేశారు.

ఒకరోజు నాలుగో అంతస్తు దగ్గర పరంజా కట్టు ఊడింది. నిదానం అక్కడికక్కడే పోయాడు. మేస్త్రి ఇసుక కుప్ప మీద పడి, ఎడమ తుంటి విరిగి, బతికాడు. ఎముక అతుక్కుంది. కానీ ఏడాది గడిచినా ఆ కాలు నేలకు ఆననిచ్చేవాడు కాదు. నిప్పు తొక్కినట్టు తీసేసేవాడు.

"ఎముక బాగానే ఉంది. కాలికే ఇంకా భయం పోలేదు," అంది ఫిజియోథెరపిస్టు. అతని బూటులో పల్చటి అట్టలాంటిది పరిచింది. ఎంత బరువు పడుతోందో అందులోని సెన్సార్లు కొలుస్తాయి. పిక్కకు ఒక పట్టీ చుట్టింది. "బరువు చాలకపోతే ఇది రెండుసార్లు వణుకుతుంది. అప్పుడు ఇంకాస్త ఆనించండి, అంతే."

నేల మీద గీసిన పసుపు గీత వెంట అతను నడిచాడు. మూడో అడుగుకి పట్టీ వణికింది. గోడ పట్టుకుని ఆగిపోయాడు. తల వంచి, వెనక్కి, కిందికి చూశాడు.

"నొప్పా?" అందామె.

"కాదమ్మా. ఎవరో తట్టారు."

నిచ్చెన ఎక్కి వచ్చినప్పుడల్లా నిదానం అతని పిక్క మీద రెండు వేళ్లతో సరిగ్గా అలాగే తట్టేవాడు. జరుగు బావా, చోటివ్వు అని.

రోజూ అరగంట నడవమని పట్టీ ఇంటికిచ్చారు. వంటగది నుంచి వీధి గుమ్మం దాకా పదకొండు అడుగులు. పట్టీ వణికిన ప్రతిసారీ అతను పక్కకు ఒదిగేవాడు. వారం రోజులు చూసి భార్య ఉండబట్టలేక అడిగింది.

"ఎవరికి దారిస్తున్నావయ్యా?"

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఆరోజూ తట్టాడే. ఉండు బావా, ఈ అంచు అవనీ అన్నాను. బయటి కర్ర పట్టుకుని ఆగాడు. ఆ కర్ర కట్టే ఊడింది. తర్వాత కాంట్రాక్టరు మనుషులు ఆసుపత్రికొచ్చి, తొందరపడి ఎక్కాడు కదా అన్నారు. ఔనన్నాను."

"నిదానం అన్నయ్య తొందరపడ్డాడా! నీకు నోరెలా వచ్చింది?"

మర్నాడు పొద్దున్నే నిదానం భార్య ఇంటికి వెళ్లాడు. మూడంతస్తుల మెట్లు. మెట్టు మెట్టుకీ పట్టీ వణికింది. ఆమె కిటికీ దగ్గర చొక్కాలకు కాజాలు కుడుతోంది. అతను నిలబడే అంతా చెప్పాడు. ఆమె సూది గుడ్డలోనే ఆగిపోయింది.

"నువ్వన్నావని నమ్మాను అన్నయ్యా. ఏడాదిగా ఆయన్నే తిట్టుకుంటున్నాను, జన్మలో ఒక్కసారి తొందరపడి చచ్చాడని." సూదిని గుడ్డలోంచి లాగి పక్కన పెట్టింది. "ఆగమన్నావు, సరే. ఎవరైనా అంటారు. ఆ అబద్ధం ఎందుకాడావు?"

అతను వంగి పిక్క మీది పట్టీ సరిచేసుకున్నాడు.

"లేబర్ ఆఫీసులో చెప్తావా?" అందామె.

"చెప్తాను."

చెప్పాడు, సంతకం పెట్టాడు. విచారణలో కట్టు సరిగా వేయలేదని తేలింది. తప్పు నిదానానిది కాదని కాగితమిచ్చారు. ఆమె దాన్ని ఆఫీసు వరండాలోనే రెండుసార్లు చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, అతని కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

నాలుగు నెలలకు అతని నడక కుదిరింది. పట్టీ తిరిగిచ్చేశాడు. అయినా ఆ పిక్కకు ఎండాకాలంలో కూడా గుడ్డ చుట్టుకునే తిరుగుతాడు. పరంజా ఎక్కడం మానేసి రంగుల దుకాణంలో రంగులు కలుపుతున్నాడు.

ఒకసారి నిదానం భార్య తలుపుకు రంగు కోసం అక్కడికి వచ్చింది. అతను ఖాళీగానే ఉన్నాడు. ఆమె చూసింది. రెండో గుమాస్తా చేతిలో పని అయ్యేదాకా ఓపిగ్గా ఓ పక్కన నిలబడింది.