వాసన చూసి వేసిన ఉప్పు

పోయిన నెల ఒంగోలులో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర ఒక పక్కగా రోలు పెట్టి, అతిథుల ముందే పచ్చళ్ళు నూరి వడ్డించే ఏర్పాటు చేశారు. నూరుతున్న వంటమనిషి మధ్యమధ్యలో కాస్త పచ్చడి అరచేతిలో వేసుకుని నాకి, చిటికెడు ఉప్పు వేసి, మళ్ళీ నూరుతున్నాడు. నా వంతు వచ్చేలోపు నాలుగుసార్లు అలా రుచి చూశాడు. వరుసలో ఉన్నవాళ్ళెవరికీ అది తప్పుగా తోచలేదు. ఆలోచిస్తే నాకూ తోచలేదు. అయినా వెనకవాళ్ళు జరగమనేదాకా కంచం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మన ఇళ్ళలో వండే మనిషి వడ్డన అయ్యేదాకా దేన్నీ నోట పెట్టుకునేది కాదు. రుచి చూస్తే వంటంతా ఎంగిలి అయినట్టే, నిల్వ పచ్చడైతే బూజు పడుతుందని కూడా భయం. మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలిసేదంటే, వాసనను బట్టి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని కనుక నాకది మొదట్లో కోతలాగే అనిపించి, కాపరానికి వచ్చిన ఏడాదే మా పెద్ద తోడికోడలిని పది రోజులపాటు పరీక్షించాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆమె చెప్పింది సరిపోయింది. పదోసారి తప్పింది నా నాలుకేనని ఆమె వాదన, దాన్ని నేను ఒప్పుకోలేదు.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే ఏడేళ్ళు పెద్ద. మార్టూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా, పొయ్యిమీద నుంచి గుండిగలు దించేముందు అక్కకు కబురు వచ్చేది. ఆమె వెళ్ళి, మూత తీయించి, ఒక్కసారి వంగి ఆవిరి పీల్చి, చాలనో, ఇంకో రెండు గుప్పిళ్ళనో చెప్పి వచ్చేసేది. చదువు, ఉద్యోగం, ఇంటి బయట వేరే పేరు అంటూ ఏమీ లేని మనిషికి ఊరంతా ఇచ్చిన గౌరవం అది.

2002లో దసరా వెళ్ళాక ఆమెకు పదకొండు రోజులు విషజ్వరం వచ్చింది. తేరుకుని మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. ఏ సరుకు ప్యాకెట్టు ఎప్పుడు విప్పామో డబ్బా మూతకు అంటించిన కాగితం మీద రాయడం నా అలవాటు. తొమ్మండుగురం ఉన్న ఇంట్లో కిలో ఉప్పు తొమ్మిది రోజులు వచ్చేది. జ్వరం తగ్గాక ఏడు రోజులకు దిగింది, తరవాత ఆరుకు. కూరలు ఉప్పగా ఉంటున్నాయని అందరికీ తెలుస్తూనే ఉంది గాని, ఎందుకన్నది నాకొక్కదానికే తెలిసింది. ఒకరోజు పెరట్లో గేదె కుడితి పులిసి అందరం ముక్కు మూసుకుంటుంటే ఆమె పక్కనే కూర్చుని తాపీగా బియ్యం ఏరుకుంటోంది. జ్వరంతో అక్క ముక్కు పోయింది, దాంతోపాటే నోటికి రుచీ పోయి ఉండాలి.

ఒక రాత్రి మావారు భోజనం దగ్గర ఊరుకోలేక అననే అన్నారు.

"ఏం వదినా, బాపట్ల సముద్రం ఇవాళ మనింటి దాకా వచ్చిందా?"

"చుట్టలు కాల్చి కాల్చి నీ నాలుక చచ్చింది నాయనా. నా కూరకేమీ కాలేదు," అంది అక్క.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు, మావారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను తేదీలు రాస్తూనే ఉన్నాను.

ఆ రోజుల్లోనే మా ఆడపడుచు కూతురు బొంబాయిలో ఒక యాత్రల కంపెనీలో పనిచేసేది. గుళ్ళూ కోటలూ కాకుండా, ఒక్కో ప్రాంతంలో ఒక్కో ఇంటి వంటింటికి మనుషులను తీసుకువెళ్ళి, అక్కడి వంట చూపించి, తినిపించి, ఆ వంట కొలతలు అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టి పంపే యాత్ర అది. మిరపకాయల సీమలో మా ఇంటిని ఎంచుకుంది. 2003 జనవరి నెలాఖరున పదకొండుమందితో వ్యానులో వస్తున్నామనీ, పెద్దత్తయ్య పండుమిరపకాయల పచ్చడి నూరి చూపించాలనీ ఉత్తరం రాసింది. అక్క ఆ ఉత్తరం నాచేత మూడుసార్లు చదివించుకుంది.

అంతమంది ముందు ఉప్పు తప్పితే ముక్కు సంగతి బయటపడుతుంది, బయటపడితే ఊళ్ళో ఇక ఏ గుండిగ దగ్గరికీ ఆమెను పిలవరు, ఇంట్లోనూ పొయ్యి ముందు పీట తన కోడలికి అప్పజెప్పవలసి వస్తుంది. ఆ పీట తప్ప ఆమెకు మరో చోటు లేదు. అందుకని నేను ఒక ఉపాయం ఆలోచించాను. కిలో కాయలకు పావుకిలో చింతపండు, గ్లాసుడు కల్లుప్పు అని లెక్క తేల్చి, కాగితంలో కొలతలు అచ్చు వేయాలి కనుక అన్నీ కొలిచి ముందు పెట్టుకోవాలని అక్కకు చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి సరేనంది.

వ్యాను పదిన్నరకు వచ్చింది. ముందురోజు రాత్రి బెజవాడలో ఉండి, పొద్దున్నే తాడేపల్లి మీదుగా బయలుదేరి, దారిలో కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు చూసి వచ్చారు. వసారాలో రోలు చుట్టూ పీటల మీద కూర్చున్నారు. అక్క కాయలు దంచింది, చింతపండు వేసింది, గ్లాసులోని ఉప్పు మొత్తం వేసింది. అంతా నేను అనుకున్నట్టే జరుగుతోంది. అప్పుడు కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఏదో అడిగితే, మేనకోడలు తెలుగులో చెప్పింది.

"పెద్దత్తయ్యా, రుచి చూడకుండా ఉప్పు చాలిందని ఎలా తెలుస్తుందంటున్నారు."

పదకొండుమందీ ఆమె వంకే చూస్తున్నారు. అక్క రోకలి పక్కన పెట్టి, నలభై ఏళ్ళుగా వంగినట్టే వంగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. తల అడ్డంగా ఊపి, ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీసి వేసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"చిన్నత్తయ్యా, ఆ పిడికెడు ఎన్ని చెంచాలు?" అంది మేనకోడలు, కలం పట్టుకుని.

అక్క పిడికిలి ఎంతో నాకు పాత లెక్క. నాలుగు అన్నాను. తప్పు అంకె చెప్పడం నాకు చేతకాలేదు.

పచ్చడి తీశాక రోట్లో అంటుకున్నదాంట్లో వేడి అన్నం, నువ్వులనూనె వేసి కలిపి తలా ఒక ముద్ద పెట్టడం మా ఆనవాయితీ. వచ్చినవాళ్ళు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, అదంతా గుంటూరు కారమేననుకుంటూ తిన్నారు. పొలం నుంచి వచ్చిన మావారు కూడా చెయ్యి చాపి, ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి మింగారు.

"వదినా, ఇంకో ముద్ద పెట్టు," అన్నారు.

ఏ చిన్న వంక దొరికినా వదలని మనిషి వంక పెట్టకుండా రెండో ముద్ద అడిగేసరికి అక్కకు అర్థమైపోయింది. ముద్ద పెట్టింది. వ్యాను వెళ్ళాక రోలు కడుగుతూ నన్ను పిలిచింది.

"ఎంత ఎక్కువైంది?"

"నాలుగు చెంచాలు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి. ప్యాకెట్ల తేదీలు రాశాను."

"మూడు నెలలు రాశావు. నోటితో ఒక్క మాట చెప్పడానికి నీకేమొచ్చిందే?"

ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను గాని, చెప్పడానికి భయపడ్డానన్నది కూడా నిజం.

అచ్చయిన కాగితం ఏప్రిల్‌లో వచ్చింది. అందులో గ్లాసుడు ఉప్పు, ఆపైన నాలుగు చెంచాలు అని ఉంది. పోనిద్దామనుకున్నాను. అక్కే ఊరుకోలేదు. "నా పేరు చెప్పుకుని ఎక్కడో ఎవరో ఉప్పు తిని నీళ్ళు తాగడమెందుకు? ఆ నాలుగు చెంచాలూ కొట్టేయమని రాయి," అంది. రాసి, మర్నాడే పోస్టు చేశాను.

ఆ తరవాత ఇంట్లో ఉప్పు నేనే వేసేదాన్ని, నేనే నాలుక మీద ఒక చుక్క రాసుకుని చూసేదాన్ని. ఎంగిలి చేస్తున్నానని తెలిసి కూడా అక్క అటు తిరిగి కూర్చునేది. పెళ్ళిళ్ళకు ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. ఆమె ఎప్పటిలాగే వంగి ఆవిరి పీల్చేది, నేను చాటుగా ఒక చుక్క రుచి చూసి కొంగు సవరించుకుంటే చాలని అర్థం, ఊరికే ఉంటే చాలదని. 2009 ఆగస్టులో ఆమె పోయేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చినా ఎవరూ అనలేదేమో, నాకు తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు గిన్నె భోజనాల బల్ల మీదే ఉంటుంది. కూరలో తగ్గితే ఎవరికి కావలసినంత వాళ్ళు వేసుకుంటారు, ఎక్కువైతే గిన్నె పక్కకు తోసి ఫోను చేసి ఇంకేదో తెప్పించుకుంటారు. వండినవాళ్ళూ ఏమీ అనుకోరు. సదుపాయమైన పద్ధతే, కాదనను. మా రోజుల్లో తొమ్మండుగురం ఒకే వంట తిని మజ్జిగలోకి వెళ్ళేవాళ్ళం. ఆ మూడు నెలల్లో, ఉప్పు ఆరు రోజులకే అయిపోతున్న ఇంట్లో, కంచం వదిలి లేచినవాళ్ళు ఒక్కరు కూడా లేరు.