ఇతివృత్తం అనే మాట నాకు పట్టుబడిన ఏడాది

ఏడో తరగతి దాకా నేను ఉర్దూలో చదువుకున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం గాని బడిలో లెక్కలైనా చరిత్రైనా ఉర్దూలోనే చెప్పేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో బెల్లంపల్లిలో మా బడి తెలుగులోకి మారింది. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఆడపిల్లకు ఇక చదువు చాలని గని కార్మికులుండే మా లైన్లలో అందరూ అన్నారు. బాపు మాత్రం, "ఉర్దూ నేర్చినదానికి తెలుగు రాదా? పోనియ్యిన్రి" అన్నాడు. నేను పోయాను.

పుస్తకాల తెలుగు నాకు పరాయి భాషలాగే ఉండేది. తెలుగు చెప్పే మాస్టారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. మెత్తని మనిషి. ఒకరోజు ఒక కథ చదివించి, "దీని ఇతివృత్తం ఏమిటి?" అని నన్నే అడిగారు. ఉర్దూలో దాయిరా అనుకున్నదాన్ని తెలుగులో వృత్తం అంటారని అప్పుడప్పుడే లెక్కల్లో నేర్చుకుంటున్నాను. కథనంతా ఇంకోసారి కళ్లతో వెతికి, "ఇందులో వృత్తం లేదు సార్" అన్నాను.

తరగతంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "అది వేరు, ఇది వేరు. కథ దేని గురించో అదే ఇతివృత్తం. కథావస్తువు అని కూడా అంటారు" అన్నారు.

"మజ్మూన్ లెక్కనా సార్?" అన్నాను. రాసినదాని విషయాన్ని ఉర్దూలో మజ్మూన్ అంటారు. ఆయనకు ఉర్దూ రాదు. అంతలో గంట కొట్టారు.

నా మొహం ఇంటిదాకా మండుతూనే ఉంది. నవ్విన వాళ్లందరి కంటే ముందు ఈ మాటను పట్టుకోవాలని ఆ దారిలోనే గట్టిగా అనుకున్నాను. దొరికిన చోటల్లా వాడి చూశాను. పక్కింటివాళ్లు కొట్లాడుకుంటుంటే, "అవ్వా, గాళ్ల లొల్లికి ఇతివృత్తం ఏంది?" అని మా అమ్మను అడిగాను. అవ్వ చేతిలో పని ఆపి నా వైపు చూసింది.

"బడిల ఏం తిట్లు నేర్పుతున్నరే నీకు?"

బడి వార్షికోత్సవం దగ్గర పడింది. మా తరగతి నాటకం వేయాలి, తలా ఒక ఇతివృత్తం చెప్పమన్నారు మాస్టారు. అందరూ పురాణాల్లోవే చెప్పారు. నా వంతు వచ్చింది.

"మా లైన్ల నల్లా సార్."

ఆయనకు అర్థం కాకపోతే ఎవరో కొళాయి అని చెప్పారు. "కొళాయి వస్తువమ్మాయ్, ఇతివృత్తం కాదు" అన్నారు.

"వస్తువన్నా ఇతివృత్తమన్నా ఒకటేనని మీరే చెప్పిన్రు గద సార్!"

ఈసారి మాస్టారు కూడా నవ్వేశారు. "కథావస్తువంటే చేత్తో పట్టుకునే వస్తువు కాదు. సరే, రాసుకురా, చూద్దాం."

మా వరస ఇళ్లన్నింటికీ ఒకటే నల్లా. పొద్దున కాసేపే నీళ్లు వచ్చేవి. బిందె పట్టుకొని నిలబడి అక్కడి మాటలన్నీ విని, కొట్లాట ఉన్నదున్నట్టు రాశాను. మాస్టారు చదివి, "గొడవ బాగుంది. ఇతివృత్తం ఏదీ?" అన్నారు. ఒక ముసలాయన వచ్చి అందరూ కలిసి ఉండాలని చెప్పినట్టు చివర చేర్చాను. "ఇది ఉపన్యాసం" అన్నారు. ఏడుపొచ్చింది. కాగితాలు ఆయన చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకొని, తెల్లారి మళ్లీ నల్లా దగ్గరికి పోయాను.

అప్పుడు కనబడింది ఆ మనిషి. మహారాష్ట్ర అంచున ఉన్న బోథ్ వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. మరాఠీ కలిసిన మాట. నోరు విప్పితే నవ్వుతారని మాట్లాడేది కాదు. రోజూ ముందే వచ్చేది, రోజూ వెనకే మిగిలేది. ఆ పొద్దున ఆమె బిందెను కాలితో పక్కకు జరిపి తన బిందె పెట్టింది మా అవ్వే. ఆ పిల్ల సగం బిందెతో ఇంటికి పోయింది. తరగతి నవ్వినప్పటి నా మొహం గుర్తొచ్చింది. నాటకమంతా కొట్టేసి ఆమె చుట్టూ మళ్లీ రాశాను.

మాస్టారు రెండుసార్లు చదివారు. "ఇప్పుడు చెప్పు, ఇతివృత్తం ఏమిటి?"

"నోరు లేని మనిషికి వంతు రాదు సార్."

"కొళాయి కాదా?"

"కథ నల్లా కాడ నడుస్తది. కాని నల్లా గురించి కాదు."

"ఇదే వేద్దాం" అన్నారాయన.

వార్షికోత్సవానికి మా లైన్లన్నీ కదిలి వచ్చాయి. బోథ్ పిల్ల కూడా వచ్చింది. నేను కొత్త కోడలి వేషం వేశాను. నా స్నేహితురాలు నా బిందెను కాలితో జరపగానే, జనంలోంచి అవ్వ లేచింది. "నేనట్ల నూకలే!" అని అరిచింది. ఆ వేషం ఎవరిదో అప్పటిదాకా పట్టనివాళ్లకు కూడా తెలిసిపోయింది. నవ్వులు ఎంతకీ ఆగలేదు. అయినా మిగతా మాటలన్నీ చెప్పే దిగాను.

ఇంట్లో అవ్వ పళ్లెం నా ముందు విసురుగా పెట్టింది. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్ గదనే."

"నీ గురించి కాదవ్వా. దాని ఇతివృత్తం వేరే" అని మాస్టారు చెప్పినట్టే చెప్పబోయాను.

"గంత పెద్ద మాటకు నా బిందెనే దొరికిందా?"

బాపు తల వంచుకొని తింటున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని భుజాలు చూస్తే తెలిసింది.

తెల్లారి నల్లా దగ్గర అవ్వ ఎప్పటిలాగే ముందుకు నడిచింది. బోథ్ పిల్ల ఆమె కంటే ముందే తన బిందెను ధార కింద పెట్టింది.

"అక్కా, గిది నా పాళి" అంది, వంతుకు తన మరాఠీ మాటే వాడి. అందరికీ వినబడింది. వెనక ఎవరో ఆమె యాసను వెక్కిరించారు. ఆమె బిందె మీది చెయ్యి తీయలేదు.

అవ్వ ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసింది. "నింపుకో తియ్యి, ఎవరొద్దన్నరు" అని తన బిందెను వెనక్కి తీసుకుంది. ఆ పిల్ల బిందె నిండేదాకా అవ్వా నేనూ పక్కన నిలబడ్డాం.