మబ్బుల మీద పొయ్యి

మనవరాలు ఫోనులో ఏదో ప్రేమకథ చదివి కింద నవ్వు బొమ్మలు పెడుతోంది. నా ఈడువాళ్లు ఎవరైనా మిగిలారా? భువనగిరిలో మనం చేతులు మారే నవలల అంచుల్లోనే పెన్సిల్‌తో రాసేవాళ్లం, గుర్తుందా?

అలాంటి ఒక నవలలో గంధర్వుడు పిల్లను మబ్బుల్లోకి ఎత్తుకుపోతాడు. "మబ్బుల మీద పొయ్యి యాడ పెడ్తదట?" అని మా అవ్వ అడిగితే, అదీ అంచులో రాశాను. మర్నాడు దాని కింద మా అక్క రాత కనబడింది: "జర నన్ను గూడ తీస్కపో."

అప్పటికే అక్కను ఇద్దరు భార్యలు పోయిన ముసలాయనకు ఖాయం చేశారు.

"గంధర్వునికి చిట్టీ రాసినవా అక్కా?" అన్నాను.

పెళ్లయి ఏడాది తిరక్కుండానే అక్క పోయింది. ఆమెకు అక్షరాలు నేర్పింది నేనే. అక్క తనంతట తాను రాసిన వాక్యం అదొక్కటే.

దానికి నేను నవ్వాను.