వంటింట్లో పడ్డ బాత్రూం గోడ

మా సూర్యం అన్నయ్య ఫోన్లో చెప్పిన మొదటి మాటకే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "పద్మా, బోటులో బాత్రూం గోడ ఊడి వంటింట్లో పడిపోయిందే. లోపల గెస్టు స్నానం చేస్తన్నాడు."

ఆ వంటింట్లో అప్పుడు చేపలు వేయిస్తున్నది మా మంగ వదిన. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఆ గెస్టుకి తువ్వాలు దొరికేలోపు పరువు కాస్తా గోదాట్లో కలిసిపోయింది.

అన్నయ్య మా పెదనాన్నగారబ్బాయి. రాజోలు దగ్గర గోదావరి పాయలో హౌస్‌బోటు నడుపుతాడు. రెండు గదులు, ఒక వంటిల్లు, దాని పక్కనే ఒక బాత్రూం. వంట వదినదే. గోడ లేకుండా బోటు కదలదు, బోటు కదలకపోతే వాళ్ళకి జరగదు. రాజమండ్రిలో నేను ఇల్లు కట్టించుకున్నప్పుడు టైల్స్ కోసం తిరగని కొట్టు లేదు కనక, గోడకి ఏం వేయిస్తే నీళ్ళకి తట్టుకుంటుందో ఎంచడానికి నన్ను రమ్మన్నాడు. పిలవకపోయినా వెళ్ళేదాన్నే.

శనివారం పొద్దున్న ఆరింటికి రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సులో అమలాపురం బస్సెక్కాను. రావులపాలెంలో బస్సు కాసేపు ఆగుతుంది, ఇడ్లీ తిని టీ తాగేంత టైముంటుంది. కొత్తపేటలో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్క సీట్లో కూర్చుని, ఎక్కడికి, ఎందుకు అని అన్నీ కనుక్కున్నారు. "పడవలో బాత్రూమాండీ? గోదారంతా ఉండగా మళ్ళీ బాత్రూమెందుకండీ?" అన్నారు. ముందు సీట్ల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

తొమ్మిది కాకుండానే అమలాపురం చేరాను. బస్టాండులో అన్నయ్యా వదినా ఎదురుచూస్తున్నారు. కొట్టుకెళ్ళగానే దర్జాగా టైల్స్ చూపించమన్నాను. అన్నయ్య నా మొహం చూసి నవ్వాడు. "ఒక పక్కంతా టైల్స్ అతికిస్తే బోటు ఆ పక్కకే ఒరుగుద్దే." కొట్టాయన కూడా తలూపి, "ఇంజను అదురుకి అతుకులు విచ్చుకుంటాయండీ, పలకలు ఊడొస్తాయండీ" అన్నారు. నా టైల్స్ పాండిత్యమంతా ఒక్క నిమిషంలో చెల్లిపోయింది. ఎవరైనా ఈ పని మీద బయల్దేరితే ముందే తెలుసుకోండి, పడవలో అన్నిటికంటే ముందు చూడాల్సింది బరువు.

పీవీసీ షీట్లు తీయించాం. తేలిక, నీళ్ళు అంటవు, చెద పట్టదు. కొట్టాయన వరసగా బొమ్మల షీట్లు పరిచారు. జలపాతం, గులాబీలు, ఆఖరికి కొబ్బరితోట మధ్య ఏరు, ఏట్లో పడవ. నాకు మతిపోయింది. కిటికీ తీస్తే నిజం కొబ్బరిచెట్లు కనపడే చోట గోడకి కొబ్బరిచెట్ల బొమ్మా! అన్నయ్యకి మాత్రం అదే నచ్చింది. "ఫొటోల్లో బావుంటుంది" అన్నాడు.

వదిన బొమ్మల వైపు చూడనే లేదు. ఒక్కో షీటునీ వేలి కణుపులతో తట్టి, వెనక వైపు చెవి పెట్టి వింటోంది. ఏం చూస్తున్నావని అడిగితే "ఊరికేనే" అంది.

కొలతలు చూసుకుని ఫోన్లో చెబుతామని, రెండు మూడు రకాల ముక్కలు పట్టుకుని పదకొండింటికి రాజోలు బస్సెక్కాం. నగరం అనే ఊరు దాటుతుండగా అన్నయ్య వదిన మీద ఫిర్యాదు మొదలెట్టాడు. "మొన్న వేసవిలో మూత్రంలో మంటొచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. నీళ్ళు బాగా తాగాలమ్మా అని డాక్టరుగారు మరీమరీ చెప్పేరు. వింటదా? గోదారి మీద బతుకుతా గుక్కెడు నీళ్ళు తాగదు." వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రాజోల్లో దిగి ఆటోలో రేవుకెళ్ళాం. బోటులో ఊడిన గోడ చోట టార్పాలిన్ కట్టారు. ఊడగా మిగిలిన ముక్క చూసి నేను నమ్మలేకపోయాను. నీళ్ళకి ఉబ్బి పొరలు పొరలుగా లేచిన ఒక్క ప్లైవుడ్ చెక్క. అట్టపెట్టె కూడా అంతకంటే గట్టిగా ఉంటుంది. అన్నయ్య ఇంజను చూడ్డానికి వెనక్కెళ్ళాడు. వదిన నన్ను బాత్రూంలో నిలబడమని, తను వంటింట్లో పొయ్యి దగ్గరికెళ్ళింది.

"మెల్లిగా ఏవన్నా అను."

గుసగుసగా అన్నాను. అన్నది అన్నట్టు తిరిగి చెప్పింది.

"గోడున్నప్పుడూ ఇంతేనే. లోపలోళ్ళు దగ్గినా, చెంబు కదిపినా ఇక్కడికి వినపడుద్ది. ఈ వంటింటి ముందే గెస్టులు కూచుని భోంచేస్తారు. నేను లోపలికెళ్తే వాళ్ళకి వినపడదా?"

"మరి నువ్వెలా వదినా?"

"కడగటానికి రోజూ వెళ్తాను. నా అవసరానికి ఎప్పుడూ వెళ్ళలేదు. పొద్దున్న బోటెక్కేవంటే పొద్దుపోయి ఇంటికెళ్ళేదాకా అంతే. అందుకే నీళ్ళు తాగను."

బోటు కొన్నప్పటినుంచీ తన చేత్తో తోమి తోమి ఊరందరికీ అప్పగించిన గది, తనకి మాత్రం లేదు. అన్నయ్యకి చెప్పనా అన్నాను. ఔననలేదు, కాదనలేదు. బియ్యం కడుక్కుంటూ అటు తిరిగింది. నేను అన్నయ్యని పిలిచి, మొత్తం చెప్పాను.

అన్నయ్య ఇంజను నూనె చేతులతో అలాగే నిలబడిపోయాడు. "రోజూ నీ పక్కనే ఉంటున్నాను కదే. ఒక్క మాట చెప్పకూడదా?"

"ఏవని చెప్పను? మీకు గట్టుందిగా. బోటు ఆపుకుని దిగుతారు."

అన్నయ్య చేతులు తుడుచుకుని కొట్టాయనకి ఫోను చేశాడు. లోపల గుల్ల లేని మందం పలకలు, రెండు వైపులా వేసి, మధ్య దూది లాంటిది దట్టంగా కూర్చే రకం కావాలన్నాడు. బాత్రూం జానెడు తగ్గుతుందని అవతల నుంచి ఆయన అన్నట్టున్నారు. "తగ్గితే తగ్గిందండీ" అన్నాడు. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, ఏ రంగు వేయించమంటావని వదిననడిగాడు. కాపురంలో అన్నయ్య ఆవిడని రంగు అడగడం నేనదే మొదటిసారి చూడటం.

"రంగు మీ ఇష్టం. గడియ మాత్రం గట్టిది పెట్టించండి."

నాలుగింటికి రాజోల్లో రాజమండ్రి బస్సెక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది. కోనసీమ వెళ్ళేవాళ్ళు బోటెక్కండి, వదిన చేతి చేపల పులుసు తినండి. వడ్డించేవాళ్ళు పొద్దున్నుంచీ ఎలా ఉన్నారో కూడా ఒక్కసారి అడగండి. ఇంతమంది ఆడవాళ్ళు ఇంత మామూలుగా ఇలా బతికేస్తుంటే మనకెలా తెలియకుండా పోయిందా అని దారంతా మండిపడుతూనే ఉన్నాను.

ఎండకి గొంతారిపోయి దగ్గొచ్చింది. ఆగలేదు. పక్కన కూర్చున్నావిడ సంచిలోంచి సీసా తీసి నాకందించింది.

"తాగండమ్మా, నేను ఎంగిలి చెయ్యలేదు."

"వద్దండీ, రాజమండ్రి ఇంకా రెండు గంటలుంది కదా" అన్నాను.

అన్నాకగానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. పొద్దున్న తాగిన ఆ టీ తప్ప రోజంతా నా గొంతులో చుక్క పడలేదు. బస్సెక్కిన ప్రతిరోజూ నేనింతే. ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్చుకున్నానో కూడా గుర్తులేదు.

ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. మెడదాకా నిండుగా ఉన్న సీసాని మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"ఆయ్, నేనూ అంతేనండీ" అంది.