మూత అడుగున మీగడ

అక్టోబరు మొదటి శనివారం, అద్దాలు కడిగే నీళ్లు పోద్దామని సూర్యప్రభ కారు బానెట్ ఎత్తింది. పనిలో పనిగా ఇంజనాయిల్ మూత కూడా తిప్పి చూసింది. మూత అడుగున లేత పసుపురంగులో మీగడలాంటిది పేరుకుని ఉంది. వేలితో తీస్తే వెన్నలా జారింది. ఆయిల్ అలా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమెకు నలభై నాలుగేళ్లు. ఎమ్మెస్సీ చదవడానికి తణుకు నుంచి ఐర్లండ్‌లోని కార్క్ వచ్చి, ఊరి బయట మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరి, అక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఏడేళ్లపాటు లీలారాణి అనే నర్సు, ఆమె ఒకే అద్దె ఇంట్లో ఉన్నారు. 2008 నాటి ఈ వెండిరంగు కారు ఇద్దరూ కలిసి కొన్నదే. కిందటి ఫిబ్రవరిలో లీలకి వాటర్‌ఫోర్డ్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది, ఆ ఊళ్లోనే పనిచేసే అతనితో పెళ్లయింది. "కారు నువ్వే ఉంచుకోవే, అక్కడ ఆయన బండి ఉందిగా" అని సూట్‌కేసులు సర్దుకుని వెళ్లిపోయింది.

సూర్యప్రభ మూతని ఫోటో తీసి కార్క్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఐదు నిమిషాల్లో రవి కుమార్ అనే ఆయన ఫోన్ చేశాడు.

"హెడ్ గాస్కెట్, అదే ఇంజన్లో సీలు, పోయిందండీ. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ నీళ్లు ఆయిల్లో కలిసిపోతున్నాయి. పాత బండి కదా, స్క్రాప్‌కి ఇచ్చేయండి."

"ఒక్క ఫోటో చూసి ఎలా చెప్తారండీ?"

"యూట్యూబ్‌లో అచ్చం ఇలాగే చూపించాడండీ."

ల్యాబులో సూర్యప్రభ ఒక్క పరీక్ష చూసి ఏ కాగితం మీదా సంతకం పెట్టదు. కారుకీ అదే పద్ధతి అనుకుంది. కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసింది. వారంపాటు రోజూ పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా వంగి చూసింది. గీత దగ్గరే ఉంది, చుక్క తగ్గలేదు. ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే దానికంటిన ఆయిల్ శుభ్రంగా తేనెరంగులో ఉంది.

ఆదివారం వంటింట్లో పాత స్టీలు గరిటె స్టవ్ మీద కాల్చి, డిప్‌స్టిక్ నుంచి ఒక చుక్క వేసింది. చడీచప్పుడు లేకుండా పొగ వచ్చింది. మూత నుంచి గీకిన మీగడ వేస్తే చిటపటలాడింది. అంటే నీళ్లున్నాయి, కానీ మూత దగ్గరే.

"లీలా, చూడవే!" అంది పాత అలవాటుగా మెట్ల వైపు తిరిగి.

పొగకి అలారం మోగడం మొదలుపెట్టింది. కుర్చీ ఎక్కి దాన్ని ఆపేసరికి నూనె వాసన ఇల్లంతా పట్టింది. కిటికీ తెరిచి కాసేపు ఆ కుర్చీలోనే కూర్చుంది.

మంగళవారం పని అయ్యాక డోనల్ అనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఆమె తన పరీక్షలన్నీ రాసుకున్న కాగితం చదివి నవ్వి, గాజుగొట్టంలో నీలం ద్రవం పోసి కూలెంట్ డబ్బా మీద పెట్టాడు. గాస్కెట్ పోయి ఇంజన్ పొగ కూలెంట్‌లోకి వస్తుంటే అది పసుపుగా మారుతుందట. పది నిమిషాలు ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. నీలం నీలంగానే ఉంది.

"గాస్కెట్ బాగానే ఉంది" అన్నాడు. "రోజూ ఎంత దూరం నడుపుతారు?"

"ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు. తొమ్మిది నిమిషాలు."

"ఆదివారాలు?"

"టెస్కోకి, సరుకులకి."

"అంతేనా?"

డోనల్ మూత తుడుస్తూ వివరించాడు. ఇంజన్ లోపలి తేమ చల్లబడితే నీరవుతుంది, బాగా వేడెక్కితే ఆవిరై పోతుంది. ఈ బండి వేడెక్కేలోపే ఆగిపోతోంది, అందుకే ఆ నీరు ఆయిల్‌తో కలిసి మూతకి పడుతోంది. "వారానికోసారి గంటసేపు పెద్దరోడ్డు మీద తోలండి. ఆ తర్వాత ఆయిల్ మారుద్దాం. అంతా గ్రాండ్, బాగైపోతుంది."

ఇంటికొస్తూ ఆమె లెక్క చూసుకుంది. లీల ఉన్నప్పుడు ఆదివారమైతే చాలు, పులిహోర డబ్బాలో పెట్టుకుని కిన్సేల్ అనీ బాంట్రీ అనీ బయల్దేరేవాళ్లు. ఫిబ్రవరి తర్వాత ఆమె కార్క్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఎనిమిది నెలలు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, తనూ గమనించలేదు.

ఆ ఆదివారం వాటర్‌ఫోర్డ్ రోడ్డు పట్టింది. ముందుగా ఫోన్ చేయలేదు. రెండు గంటల్లో నది ఒడ్డున కారు ఆపి, లీలకి ఫోన్ చేసింది.

"చెప్పవే ప్రభా! ఇంటినిండా జనం. మా అత్తగారి తరఫు వాళ్లొచ్చారు, లంచ్ పెడుతున్నా. ఎక్కడున్నావ్?"

"ఇంట్లోనే" అంది సూర్యప్రభ.

"సరే, సాయంత్రం చేస్తానే."

ఫ్లాస్కులో టీ తాగి వెనక్కి తిరిగింది. దారిలో యూగల్ దగ్గర కళ్లు మసకబారితే, రోడ్డు పక్కన ఆపి తుడుచుకుని మళ్లీ బయల్దేరింది. సాయంత్రం లీల ఫోన్ చేయలేదు.

అయినా వారం వారం వెళ్లింది, ఒకసారి కిల్లార్నీ, ఒకసారి మాలో అనే ఊరు. నవంబరు చివర్లో మళ్లీ వాటర్‌ఫోర్డ్ వెళ్లినప్పుడు లీలే ఫోన్ చేసి ఎక్కడున్నావంది. ఈసారి సూర్యప్రభ అబద్ధం చెప్పలేదు.

"మీ ఊళ్లోనే. నది దగ్గర."

"నాకు షిఫ్టుందే ఇవాళ. ఆస్పత్రి కార్ పార్క్‌కి రా. బ్రేక్‌లో వస్తా."

యూనిఫాం మీద కోటు వేసుకుని వచ్చి, పక్క సీట్లో కూర్చుంది లీల. చిక్కిపోయింది. ఇద్దరూ చెరో సగం శాండ్‌విచ్ తిన్నారు.

"చెప్పకుండా ఇంతదూరం ఎందుకొచ్చావే?"

"బండికి లాంగ్ డ్రైవ్ కావాలన్నాడు మెకానిక్."

"ఇంతకుముందూ వచ్చావా?"

సూర్యప్రభ తలూపింది. లీల తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చేతిమీద చెయ్యేసి, ఇరవై నిమిషాల బ్రేక్ అయ్యేదాకా అలాగే ఉండి, దిగి వెళ్లిపోయింది.

డిసెంబరులో డోనల్ ఆయిల్ మార్చాడు. మూత శుభ్రంగా ఉంది. జనవరిలో బండి ఎన్‌సీటీ అనే సర్కారు ఫిట్‌నెస్ పరీక్ష కూడా పాసైంది. లీల నెలకోసారి రమ్మంటుంది గానీ, షిఫ్టులు కుదరక రెండు మూడు నెలలకోసారే కలుస్తారు. మిగతా ఆదివారాలు సూర్యప్రభ ఒక్కతే ఏదో ఒక రోడ్డు పట్టుకుంటుంది. పులిహోర మాత్రం ఇప్పుడు ఒక్కరికి సరిపడా కలపడం నేర్చుకుంది.