అమ్మ ఏరి తెచ్చిన మడతచాకు

నిన్న ఫోన్లో ఒక మడతచాకు చూశాను. ధర తక్కువ, పొగడ్తలు ఎక్కువ. ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

మా నాన్న పెళ్లిళ్లకి సన్నాయి వాయించేవారు. సన్నాయి కొసన పెట్టి ఊదే రెల్లు పీకని చాకుతో పలచగా గీసుకునేవారు. ఓసారి చవగ్గా కొన్న చాకు గీస్తుండగానే మడుచుకుపోయి ఆయన వేలు కోసేసింది. ఆ పెళ్లిళ్ల సీజనంతా సన్నాయి గోడకే వేలాడింది. అందుకే రెండో చాకు కొనడానికి కోటబొమ్మాళి సంతకి అమ్మే బయల్దేరింది, నన్ను వెంటేసుకుని.

గుర్తుందా, గోనెపట్టా మీద చాకులు పరిచి అమ్మేవారు? ఎర్ర పిడులు, ఇనుమూ నూనే కలిసిన వాసన. ఖరీదైన వాటి జోలికి అమ్మ పోలేదు. చవకవాటినే ఒక్కోటీ తెరిచి, బ్లేడు అటూ ఇటూ ఊపి చూసింది. ఊగినవన్నీ పక్కన పెట్టేసింది. చివరికి బిగువుగా ఉన్నది ఒకటి దొరికింది. అమ్మేవాడు దాన్ని తీసుకుని, అటు తిరిగి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"పొట్లం ఇప్పి సూపించు," అంది అమ్మ.

"ఏటమ్మా, నా మీద నమ్మకం నేదేటి?"

"నీ మీద ఉన్నాది. పొట్లం మీదే నేదు."

విప్పితే లోపల వదులు చాకు! "పొరపాటమ్మా," అని అతను నవ్వేశాడు. అమ్మ నవ్వలేదు. తను ఎంచినదాన్ని తీసుకుని, గుప్పిట్లో పట్టుకునే ఇంటిదాకా నడిచింది.

నాన్న కొత్త పీక గీస్తున్నంతసేపూ అమ్మ ఎదురుగా కూర్చుని ఆయన వేళ్లనే చూసింది. సన్నాయి పలికాక గానీ లేచి పొయ్యి వెలిగించలేదు.