గొలుసు ప్రార్థనలో నా గంట

ఆ మంగళవారం పొద్దున గంజి క్యారియరు ఒళ్ళో పెట్టుకొని ఆటోలో మార్కాపురం పోతా ఉన్నా. ఆసుపత్రిలో పాప దగ్గర ఉన్న నా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా... పాప లేదక్కా" అనింది. అంతే. పక్కన కూర్చున్నామె "ఎవరమ్మా, ఏంది?" అని అడిగితే "ఏం లేదు" అన్నా. గంజి వేడి తొడలకు తగులుతానే ఉంది. ఇంక ఎవరు తాగుతారని దాన్ని అంత గట్టిగా పట్టుకున్నానో తెలీదు.

మా పాప అంటే చిన్నపిల్ల కాదు, ముప్పై దాటిన మనిషి. నాకు ఒక్కతే బిడ్డ. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ నాయన పోయినాడు. నేను పలకలకు చెక్క ఫ్రేములు బిగించే పనికి పోయి సాకినా. నాకు చదువు లేదు. ఈ నాలుగు అక్షరాలు నేర్పింది పాపే. కార్ఖానాలో అంచు విరిగిన పలక ఒకటి తెచ్చిస్తే, దాని మీదనే నా చెయ్యి పట్టి దిద్దించింది. "ఊరందరికీ పలకలు చేసి పంపిస్తావు, నీకేమో సంతకం రాదు" అని ఎగతాళి చేసేది.

పాప రెండేండ్లు దైవశాస్త్రం చదివి వచ్చింది. వారమంతా బడిలో టీచరు పని, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం. ఆ చదువులో దానికి బాగా నచ్చిన సంగతి ఒకటి ఉండేది. ఎనిమిది వందల ఏండ్ల కింద పడమటి దేశాల మఠాల్లో పెద్ద చదువుల సన్యాసులు ఉండేవాళ్ళంట. దేవుడు లోకాన్ని ఒకసారి చేసేసి చేతులు కడుక్కోలేదు, ప్రతి క్షణం పట్టుకొనే ఉన్నాడు, పట్టు వదిలితే లోకం పగిలిపోవడం కాదు, అసలు లేకుండానే పోతది అని వాళ్ళు రాసినారంట. దాన్ని సంరక్షణ అంటారంట. సంరక్షణ అంటే నేను మేకల కాపలా లాంటిది అనుకున్నా.

"అట్ల కాదమ్మా," అనింది. "నువ్వు పలక చేసి లారీకి ఎక్కిస్తావు. తర్వాత నువ్వు ఇంటికొచ్చి పండుకున్నా పలక పలకే. లోకం అట్ల కాదు. లోకం పాట లాంటిది. పాడేవాడు నోరు మూస్తే పాట ఎక్కడుంటది?"

"మరి ఊపిరి పీల్చుకోడానికన్నా ఆపడా?" అన్నా.

పడీపడీ నవ్వింది. "ఈ ప్రశ్న మా సారును అడుగుతానుండు" అనింది.

పాపకు ఒక అలవాటు. పొద్దున లేస్తానే, కండ్లు కూడా సరిగ్గా తెరవకుండా "అమ్మా, ఇంకా ఉన్నాం" అనేది. "లేకేం, పోయి నీళ్ళు పట్టు" అనేదాన్ని. అందరూ తినేముందు ప్రార్థన చేస్తారు, పాప తిన్నాక కూడా చేసేది. తినే అంతసేపు కూడా మనల్ని ఉంచినాడు కదా అనేది.

కిడ్నీలు చెడిపోయినాయని తెలిసినాక రెండేండ్లు బతికింది. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేసే మిషను. ఒకరోజు ఆ మిషను పక్కన కూర్చొని ఉండబట్టలేక అడిగేసినా. "ఆయన నిన్ను వదిలేసినాడా ఏంది?"

పాపకు కోపం రాలేదు. "వదిలేస్తే జబ్బు కూడా చేయదమ్మా. జబ్బు చేయడానికి మనిషంటూ ఉండాల కదా."

"చచ్చిపోయినోళ్ళను?"

"వాళ్ళనూ పట్టుకొనే ఉంటాడు. లేకపోతే రేపు ఆఖరి దినాన ఎవరిని లేపుతాడు?"

అప్పుడు ఊఁ కొట్టినా గాని, నాకు ఎక్కలేదు.

ఇప్పుడు నేను రాయాలనుకున్న సంగతి. పదిమందిలో నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

మా సంఘంలో ఎవరికన్నా ఆపద వస్తే గొలుసు ప్రార్థన పెడతాం. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు మంది, తలా ఒక గంట, ఎవరింట్లో వాళ్ళు మోకాళ్ళ మీద ఉండాల. ఒకరు ముగించే వేళకు ఇంకొకరు మొదలుపెట్టాల, మధ్యలో తెగకూడదు. పాస్టరమ్మ పేర్లూ గంటలూ రాసి చర్చి గుమ్మానికి తగిలిస్తది. పాప పోవడానికి ముందు శనివారం పాప కోసం పెట్టినారు. నాది మధ్యాన్నం రెండు నుంచి మూడు.

నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో ఉండి, ఆ పొద్దే ఇంటికొచ్చినా. గుడ్డలు ఉతికి, రెండు కాగానే మోకాళ్ళేసి, మంచం పట్టె మీద తల ఆనించినా. "ప్రభువా, నా బిడ్డ" అన్నా. మళ్ళీ కండ్లు తెరిచేసరికి మూడు దాటి చాలాసేపయింది. చెంప మీద నులక అచ్చు పడింది.

గొలుసు తెగితే ఏమైతదో ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా. మేమంతా చేయీ చేయీ కలిపి పాపను పైకి పట్టుకొని ఉన్నాం, నా దగ్గర చెయ్యి జారింది అని. సాయంత్రం ఉరుకులు పరుగుల మీద ఆసుపత్రికి పోతే, పాప మంచం మీద కూర్చొని రెండు ఇడ్లీలు తింటా ఉంది. "ఏందమ్మా ముఖం అట్ల పెట్టినావు? నీ ముఖం చూసి నర్సు నాకు ఇంకో సూది పొడుస్తది" అనింది. అప్పుడన్నా చెప్పుంటే నవ్వేసేది. చెప్పలేదు. మంగళవారానికి లేదు.

పాప పోయినాక పెట్టిన ఆదరణ కూటంలో పాస్టరుగారు లేచి "పన్నెండు మంది ఒక్క నిమిషం తెగకుండా మోకాళ్ళ మీద నిలబడినారు" అని వందనాలు చెప్పినాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆ తర్వాత చర్చికి పోలేదు. ఐదు ఆదివారాలు తలుపేసుకొని ఇంట్లోనే ఉన్నా. చర్చి పాట చెవిన పడకూడదని రేడియో పెట్టుకునేదాన్ని.

ఆరో వారం మా వీధి అవ్వ వచ్చింది. మేకలు మేపుకునే మనిషి, వరసకు నాకు అత్త. "ఏమే కోడలా, దేవునితో పలుకుల్లేవా?" అనింది. ఆ మాటకు కడుపులోదంతా కక్కేసినా. నిద్రపోయినా అత్తా, నా బిడ్డను నేనే జారవిడిచినా అన్నా.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తా ఉందో నవ్వుతా ఉందో అర్థం కాలేదు.

"నీ తర్వాత గంట ఎవరిదే?"

"నీదే కదత్తా."

"మోకాళ్ళేసినానో లేదో, మేకలు పక్కోళ్ళ మిరపచేలో పడినాయని కేకలేసినారు. కట్టె తీసుకొని ఉరికినా. వచ్చేసరికి నాలుగు దాటింది. మేకల్ని కాసుకున్నా గాని నీ బిడ్డను కాయలేదని నేనూ నీకు ముఖం చూపించలేక ఇన్నాళ్ళు రాలేదే."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"అయితే రెండు గంటలు ఎవరూ లేరు" అన్నా.

"ఎవరూ లేరు. అయినా ఆ సాయంత్రం పాప ఇడ్లీలు తినిందంటివి కదే. మనం కునికినామని ఆయనా కునుకుతాడా ఏంది?"

పాప రెండేండ్లు చదివి చెప్పింది నా తలకెక్కలేదు. మిరపచేలో పడిన మేకలు చెబితే ఎక్కింది. ఆ రెండు గంటలు పాపను పట్టుకొని ఉండింది మేము కాదు. మంగళవారం పాప పోయింది కూడా నా చెయ్యి జారి కాదు. ఆ పొద్దున కూడా ఆయన వదల్లేదని పాప ఉంటే అంటది. దాన్ని నమ్మడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉన్నా, అప్పుడు అక్షరాలు నేర్చుకున్నట్టే, మెల్లగా.

తప్పు చేసినాననే బరువు దిగింది. దిగినాక చూస్తే, దాని కింద ఒంటరితనం అట్లనే ఉంది. ఇన్నాళ్ళు నన్ను నేను తిట్టుకోవడానికన్నా ఇంట్లో ఒక మాట ఉండేది. ఇప్పుడు అదీ లేదు. అన్నం ఒక గ్లాసు బియ్యానికి పెడతా ఉన్నా, అయినా మిగులుతది. ఆదివారం చర్చికి పోతా. వచ్చి తాళం తీస్తే, పొద్దున పెట్టిన చెంబు పెట్టిన చోటనే ఉంటది.

మా ఇంటి పైకప్పు రేకుకు మేకు ఊడిపోయిన బొక్క ఒకటి ఉంది. మధ్యాన్నం పూట అందులో నుంచి ఎండ సన్నగా లోపలికి దిగుతది. నిన్న ఊరికే కూర్చొని దాని కింద చెయ్యి పెట్టినా. అరచేతిలో రేగుపండంత వెలుగు పడింది. పట్టుకుందామని పిడికిలి మూసినా. అది లోపలికి రాలేదు. మూసిన పిడికిలి మీదనే నిలబడింది.